ఉరికేటోళ్లకు కాలు నొస్తే ఎవరి దగ్గరికి పోవాలె?

నేను లెక్కల టీచర్ని. హసన్‌పర్తి అవతల ఒక హైస్కూల్ల పనిచేస్త, ఉండేది నయీంనగర్ల. ఉరుకుడు ముప్పై ఎనిమిదేండ్లకు మొదలుపెట్టిన. అంతకుముందు నేను ఉరికింది బస్సు వెనుకే. మొదటి ఏడాది హనుమకొండ జేఎన్‌ఎస్ స్టేడియంలనే తిరిగిన. 2021ల జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన సింథటిక్ ట్రాక్ అది, కాళ్లకు మెత్తగ ఉంటది. తర్వాత పది కిలోమీటర్ల రేసుకు పేరిచ్చి వడ్డేపల్లి చెరువు దిక్కు సీసీ రోడ్ల మీద పడ్డ. వారానికి 12 కిలోమీటర్లు ఉరికేదాన్ని మూడు వారాల్ల 30కి ఎక్కించిన. లెక్కలు చెప్పుకొని బతికేదాన్ని, నాకు గా లెక్క కనపడలేదు.

కుడికాలు ముందు ఎముకకు లోపలి అంచు వెంట నొప్పి మొదలైంది. అప్పటినుంచి నేను ఎక్కిన గడపలు వరుసగ చెప్త: మెడికల్ షాపు, మా గల్లీ ఆర్‌ఎంపీ, మా అమ్మగారి ఊర్ల నూనె రాసి పిసికే పెద్దమ్మ, ఎముకల డాక్టర్, కరెంటు పెట్టే ఫిజియోథెరపీ సెంటర్, ఆఖరుకు ఇంకో ఫిజియో. ఆ ఆఖరి గడప ఎక్కేసరికి నాలుగున్నర నెలలు, 6,700 రూపాయలు పోయినయి. ఆ ఆఖరామె దగ్గర నాకు అయింది 3,000. నా నోట్‌బుక్కుల రాసుకున్న కాబట్టి రూపాయలతో సహా చెప్పగలుగుతున్న.

ఇప్పుడు స్టేడియంల ఎవరికి కాలు నొచ్చినా "మేడం, ఎవరి దగ్గరికి పోవాలె?" అని నన్నడుగుతున్నరు. పేరు, ఫోన్ నంబర్ కావాలంటరు. నేను నంబర్ ఇయ్య. ముందు నీ ప్రశ్న ఏందో చెప్పు అంట. ఎందుకంటే కాలినొప్పి ఒకటే అయినా దాంట్ల మూడు ప్రశ్నలు ఉంటయి. ఏమన్న విరిగిందా, తెగిందా? ఇది ఎందుకొచ్చింది, మళ్ల ఎట్ల ఉరకాలె? ఈ రాత్రి నిద్ర పట్టేదెట్ల? మొదటిదానికి జవాబు డాక్టర్ దగ్గర ఉంటది. రెండోది ఫిజియోథెరపిస్ట్ పని. మూడోదానికి నూనె, మాలిష్, గోలీ, వేడినీళ్లు ఏదో ఒకటి పనికొస్తది. నేను రెండో ప్రశ్న పట్టుకొని మొదటి, మూడో జవాబులు ఇచ్చేటోళ్ల చుట్టూ తిరిగిన. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి "ఏం లేదమ్మా, ఉరుకుడు ఆపెయ్" అన్నడు. ఆయన ప్రశ్నకు అది సరైన జవాబే. నేను అడగపోయింది వేరే.

ఆలస్యం చెయ్యకుండ డాక్టర్ దగ్గరికి పోవాల్సినయి

థెరపిస్ట్‌ను వెతికే ముందు ఈ సంగతులు చూసుకోండి. వీటిల్ల ఒక్కటి ఉన్నా ఫిజియో కాదు, ముందు డాక్టరే.

కాలు మడతపడి వాచి, నాలుగు అడుగులు కూడ వెయ్యలేకపోతే, లేకుంటే చీలమండ ఎముక వెనుక అంచు నొక్కితే ప్రాణం పోయినట్టుంటే ఎక్స్‌రే కావాలె. ఉరుకుతుంటే వెనుకనుంచి ఎవరో తన్నినట్టయి, టప్పుమని, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవరాకుంటే మడమ వెనుక తాడు తెగి ఉండొచ్చు. అది ఆ రోజే చూపించాలె, ఆలస్యమైతే కుట్టే పని కూడ కష్టమైతది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగ, బిగుసుకపోయి ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దానికి తోడు ఆయాసం ఉంటే ఎమర్జెన్సీకే. ఆ పిక్కను మాలిష్ చేయించొద్దు. నడుమునొప్పితోపాటు తొడల మధ్యల మొద్దుబారినా, మూత్రం ఆగినా, తెలియకుండ పోయినా అర్ధరాత్రయినా బయలెల్లాలె.

ఇవి ఎట్లన్నా భయపెడతయి కాబట్టి మనమే పోతం. మోసం చేసేది ఎముకల సన్నని పగులు, స్ట్రెస్ ఫ్రాక్చర్. అది పడితే వచ్చేది కాదు. రోజు రోజుకు కొట్టి కొట్టి ఎముక అలసిపోయి పగులుతది. ఒక్క వేలు పెట్టి "ఇగో ఇక్కడ" అని చూపించగలిగే నొప్పి, ఉరుకుతుంటే తగ్గకుండ పెరిగే నొప్పి, రాత్రి పండుకున్నా సలిపే నొప్పి ఉంటే అనుమానించాలె. మొదటి రెండు మూడు వారాల్ల ఎక్స్‌రేల అది కనపడకపోవచ్చు. "ఎక్స్‌రే మంచిగనే ఉన్నది" అన్న మాట విని మళ్ల ఉరికితే సన్న పగులు పెద్దదైతది. ఎమ్మారైల తెలుస్తది. గజ్జల లోతుగ నొప్పి వచ్చి, కాలు మీద బరువు వేస్తే పెరుగుతుంటే ఇంకా జాగ్రత్త: తొంటి ఎముక మెడ దగ్గర పగులు అయి ఉండొచ్చు. దాన్ని పట్టించుకోకపోతే ఆపరేషన్ దాక పోతది.

డబ్బులు చూసుకోవాల్సినోళ్లకు వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంల ఎముకల ఓపీ ఉన్నది. పొద్దుగాల్నే పోవాలె, టిఫిన్ తిని పోవాలె.

"నరం పట్టింది" అని చెప్పొద్దు

ఇది నేను అందరికంటే ఎక్కువ నష్టపోయిన చోటు. మన దగ్గర నరం అంటే అన్నీ నరాలే. రక్తం పోయేది నరం, సూది గుచ్చేది నరం, తిమ్మిరెక్కితే నరం, పిక్క బిగుసుకుంటే నరం, మడమ వెనుక గట్టిగ తాడులెక్క ఉండేదీ నరమే. ఆ మడమ వెనుకది నరం కానే కాదు, కండను ఎముకకు కట్టే తాడు, టెండన్ అంటరు. నేను ఆర్‌ఎంపీకి "నరం పట్టింది" అన్న. ఆయన నరాల గోలీలు రాసిండు. కరెంటు పెట్టే సెంటర్ల కూడ అదే మాట చెప్పిన. వాళ్లు నడుము నుంచి వచ్చే నరం అనుకొని మొదటి మూడు రోజులు నా నడుముకు కరెంటు పెట్టిన్రు. నొచ్చేది కాలు, వేడి తగిలేది నడుముకు. నేను కూడ ఏమో, సైన్సు అట్లనే ఉంటదేమో అని పండుకున్న.

అందుకే పేరు చెప్పకండి, వేలు పెట్టి చూపించండి. నొప్పి ఎట్లుంటదో మాత్రం మన మాటల్లనే చెప్పండి, మన భాషల నొప్పికి మంచి మాటలున్నయి. గుంజుతున్నదా, సలుపుతున్నదా, పొడుస్తున్నదా, మంటనా, తిమ్మిరా, సూదులు గుచ్చినట్టా, బిగుసుకుపోతున్నదా? రెండో ఫిజియో ఈ మాటలన్నీ ఒక్కొక్కటి అడిగింది. గుంజుడు అంటే కండ, టెండన్ దిక్కు చూస్తరంట. మంట, తిమ్మిరి, జివ్వుమనుడు పైనుంచి కిందికి పారుతుంటే అది నిజమైన నరం కావొచ్చు. రాత్రి సలుపుడు అంటే ఎముక గురించి అడుగుతరు. ఇది తేల్చే పరీక్ష కాదు, వెతుకుడు ఎక్కడ మొదలుపెట్టాల్నో చెప్పే గుర్తు.

ఇంకొకటి, నొప్పి టైము చెప్పండి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు పెడితే మడమ కింద ముల్లు గుచ్చినట్టయి, నాలుగడుగులకు సర్దుకుంటే అది ఒక కథ. మూడు కిలోమీటర్ల దాక ఏం లేకుండ, అక్కడినుంచి మోకాలి బయటి పక్క పొడుస్తే ఇంకొక కథ. పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొస్తే మరొకటి. నాది మొదట పది నిమిషాలు నొచ్చి, వేడెక్కినంక తగ్గి, ఇంటికొచ్చి కూసున్నంక మళ్ల మొదలయ్యేది. నాలుగు వేళ్ల వెడల్పు కంటే ఎక్కువ పొడుగు జాగల ఎక్కడ నొక్కినా నొచ్చేది. అది ఎముక పగులు కాదు, ఎముక మీది పొరకు, దానికి అతుక్కున్న కండకు తగిలిన దెబ్బ. ఉరికేటోళ్లు షిన్ స్ప్లింట్స్ అంటరు.

ఎవరు ఏం చేస్తరు

ఎముకల డాక్టర్ బోర్డు మీద ఎంఎస్ ఆర్థో, డీఎన్‌బీ ఆర్థో, డీ ఆర్థో అని ఉంటది. మన హనుమకొండల నక్కలగుట్ట, బాలసముద్రం దిక్కు బోర్డులకు లోటు లేదు. విరిగినదాన్ని, తెగినదాన్ని, అరిగినదాన్ని చూడనీకి వాళ్లు కావాలె. కానీ ఓపీల యాభై మంది కూసున్నప్పుడు నీకు దొరికేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్ల ఉరుకుడు గురించి మాట్లాడుడు కాదు. అందుకే ఒక్కటే అడిగి రావాలె: "సార్, ఎముక పగులు లేదని మీకు నమ్మకమేనా, ఎమ్మారై అవసరమా?" ఆయన లేదన్నంక నీ తర్వాతి గడప మారుతది. ఆటగాళ్ల కోసమే చదివిన స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్లు కూడ ఉంటరు గని అంతటా దొరకరు. హైదరాబాద్ పోయేటోళ్లు పోతరు. మామూలు కాలినొప్పికి 145 కిలోమీటర్లు పోవాల్సిన పని లేదు.

సూది గురించి ఒక మాట. మా ఆర్‌ఎంపీ సూది ఇచ్చిండు, నొప్పి మాయమైంది, రెండో రోజే ఆరు కిలోమీటర్లు ఉరికిన. మూడో రోజు మెట్లు దిగరాలేదు. నొప్పి తెలియకుంటే దెబ్బ మీద దెబ్బ కొట్టుకుంటం. ఏ సూదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగాలె, చీటీ మీద రాయించుకోవాలె. మడమ వెనుక తాడుకు స్టెరాయిడ్ సూది ఇస్తే అది తెగే ప్రమాదం ఉంటది. ఎవరన్న అక్కడ సూది పొడుస్త అంటే లేచి చెప్పులేసుకొని రండి.

నూనె రాసే పెద్దమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె చేతుల ఓపిక ఏ మిషన్‌కూ లేదు. పిక్క బిగుసుకున్నోళ్లకు, రేసు అయిపోయి తొడలు రాయైనోళ్లకు మాలిష్ హాయి. వరంగల్ అనంతలక్ష్మి ఆయుర్వేద కాలేజీ దిక్కు మర్దనకు పోయి వచ్చి మంచిగ నిద్రపట్టింది అన్నోళ్లు మా స్టాఫ్ రూంల ఇద్దరున్నరు. కానీ నా పెద్దమ్మ ఎముక మీద బొటనవేలు పెట్టి అదిమింది. అక్కడ పగులే ఉంటే ఏమయ్యేది? కండను పిసకొచ్చు, నొచ్చే ఎముకను పిసకొద్దు.

కట్టు వైద్యం సంగతి మీకు తెలుసు, పుత్తూరు కట్టు పేరు పెట్టుకున్న బోర్డులు మన దిక్కు కూడ ఉన్నయి. ఎక్స్‌రే లేకుండ బిగించి కట్టిన కట్టు కింద వేళ్లు నీలమైతే, మొద్దుబారితే వెంటనే విప్పాలె. ఉరికేటోళ్ల నొప్పుల్ల చాలా మటుకు కట్టి కూసోబెడితే తగ్గేటియి కావు, కండ ఇంకా సన్నబడ్తది.

ఫోన్ల టక్కుమని ఎముకలు మోగించే వీడియోలు చూసి మా ఆయన "దీనికి పోదామా?" అన్నడు. ఆ చప్పుడు కీలుల ఉండే ద్రవంల గాలిబుడగది. ఎముక జరిగి మళ్ల జాగల కూసున్న చప్పుడు కాదు. కాసేపు నడుము తేలికైనట్టు ఉంటే ఉండొచ్చు. వారానికి 12ను 30 చేసిన కాలికి అది ఏం చేస్తది? మెడ మాత్రం ఎవరి చేతికీ ఇయ్యకండి.

అరికాలు డాక్టర్లు, పోడియాట్రిస్టులు మన దగ్గర ఎక్కువగ షుగర్ ఉన్నోళ్ల కాళ్ల పుండ్లు చూస్తరు. బూట్ల లోపల వేసుకునే ఇన్‌సోల్ ఆన్‌లైన్ల 1,200 పెట్టి నేను తెప్పించిన. ఇప్పుడు అది మా ఆయన చెప్పుల ఉన్నది.

ఫిజియోను ఎట్ల ఎంచుకోవాలె

ఫిజియోథెరపిస్ట్ అంటే బీపీటీ చదివినోళ్లు. ఇప్పుడు పనిచేస్తున్నోళ్లల్ల చాలామంది నాలుగేండ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేసినోళ్లు. మన రాష్ట్రంల ఆ కోర్సు వరంగల్లనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కిందికి వస్తది. దాని మీద ఎంపీటీ రెండేండ్లు. అందుల ఆర్థో, స్పోర్ట్స్, న్యూరో, కార్డియో అని వేరు వేరు ఉంటయి. పక్షవాతం వచ్చినోళ్లను నడిపించే న్యూరో ఫిజియో మీ మడమనొప్పికి పనికిరాడని కాదు గని, ఆర్థోనో స్పోర్ట్సో చదివినోళ్లుంటే ముందు వాళ్లు. కొన్ని సెంటర్లల్ల బోర్డు మీద పేరు ఒకరిది, లోపల మిషన్ పెట్టే పిల్లగాడు ఇంకొకడు. "నన్ను చూసేది ఎవరు, ఏం చదివిండ్రు?" అని అడుగుడు మర్యాద తక్కువ కాదు. 

పోయే ముందు ఫోన్ చెయ్యండి. నేను రెండోసారి నాలుగు చోట్లకు చేసిన. అడిగింది మూడే ముక్కలు. "ఉరికేటోళ్లు మీ దగ్గరికి వస్తరా?" "మొదటి రోజు ఎంతసేపు చూస్తరు?" "రోజూ రావాల్నా?" ఒకచోట "పదిహేను సిట్టింగులకు ప్యాకేజీ ఉన్నది మేడం, ఇప్పుడు కడితే రెండు ఫ్రీ" అన్నరు. నన్ను చూడకముందే పదిహేను ఎట్ల తెలిసింది? ఇంకోచోట ఫోన్ ఎత్తినామె "ఉరికే బూట్లు తెచ్చుకోండి, కొత్తయి కాదు, అరిగినయి" అన్నది. అక్కడికే పోయిన.

బూట్లతోపాటు పాత ఎక్స్‌రే, మందుల చీటీలు, ఏ వారం ఎన్ని కిలోమీటర్లు ఉరికిన్రో రాసిన కాయితం తీసుకుపోండి. వదులు షార్ట్సో ట్రాక్ ప్యాంటో వేసుకోండి. నేను మొదటి సెంటర్‌కు స్కూల్ నుంచి నేరుగ చీరల పోయిన. వాళ్లు చీర మోకాలి దాక జరిపి నొచ్చే జాగ ఒక్కటే చూసిన్రు. రెండోచోట రెండు కాళ్లూ తొంటి నుంచి వేళ్ల దాక చూసింది.

ఆ మొదటి రోజు ఏం జరిగిందో కొంచెం వివరంగ చెప్త, దీంతోని మీరు పోల్చుకోవచ్చు. ముందు ఇరవై నిమిషాలు అడుగుడే. ఎప్పటినుంచి, అంతకుముందు నెలల ఏం మార్చినవు, రోడ్డా ట్రాకా, నిద్ర ఎన్ని గంటలు, స్కూల్ల ఎంతసేపు నిలబడతవు, నెలసరి సరిగ వస్తున్నదా. నా కాయితం చూసి 12, 30 అంకెల చుట్టూ పెన్నుతోని గుండ్రం గీసింది. తర్వాత ఒక కాలు మీద నిలబడి మడమ లేపమన్నది. ఎడమకాలుతోని 17 సార్లు లేపిన. కుడికాలుతోని 9కే పిక్క వణికింది. ఒంటికాలు మీద కూసోని లేవమంటే మోకాలు లోపలికి వాలింది. ఆఖరుకు వాళ్ల సెంటర్ ముందు సందుల అటు ఇటు ఉరికించి ఫోన్ల వీడియో తీసింది. పక్కింటి తాత కుర్చీ వేసుకొని చూసిండు. నొచ్చే జాగ ముట్టుకున్నది మొత్తం గంటల రెండు నిమిషాలు.

కరెంటు పెట్టలేదు. అడిగిన కూడ. "పెడితే కాసేపు హాయిగ ఉంటది మేడం, పిక్కకు బలం రాదు" అన్నది. మిషన్లు అన్నీ దండగ అని నేను అనను. నొప్పి మస్తుంటే వ్యాయామం మొదలుపెట్టనీకి కొంత ఆసరా అయితయి. మడమ కింద నొప్పి నెలల తరబడి పోకుంటే షాక్‌వేవ్ అని ఒకటి పెడతరు, అది కొందరికి పనిచేస్తది. కానీ రోజూ పోయి, పండుకొని, మిషన్ పెట్టించుకొని, లేచి వచ్చుడే మొత్తం వైద్యం అయితే, నీ కాలు ఏ పనీ చెయ్యకుండనే పది రోజులు గడిచినట్టు. ఆ మొదటి సెంటర్ల కూడ నాకు 3,000 అయింది అట్లనే, పది సిట్టింగులు, ఒక్కోటి 300.

ఆమె ఇచ్చింది నాలుగు వ్యాయామాలు. మెట్టు అంచున నిలబడి మడమ లేపుడు దించుడు, ఒంటికాలు మీద కూసునుడు, తొంటికి ఒకటి, అరికాలికి ఒకటి. పదిల మూడు దాక నొప్పి వస్తే భయపడొద్దు, మర్నాటికి తగ్గకుంటే తగ్గించు అన్నది. మడమ వెనుక టెండన్ నొప్పి ఉన్నోళ్లకు ఇట్లనే మడమ దించే వ్యాయామం 1998ల స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్‌సన్ పెట్టిండు: పూటకు రెండు తీర్ల, ఒక్కో తీరు పదిహేనేసి మూడుసార్లు, రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. గుణిస్తే రోజుకు 180. ఈ అంకె విన్నంక నాకు నా నాలుగు వ్యాయామాలు సుతారంగ అనిపించినయి. "మళ్ల వారానికి రండి" అని పంపింది. మొదటిసారి 600, తర్వాత ఆరుసార్లు 400 లెక్కన. ప్రతిసారి బరువు పెంచుడు, ఉరికే నిమిషాలు మార్చుడు.

ఇంకొక్క గుర్తు. మీకు ఏమైందో, ఎన్ని వారాలు పట్టొచ్చో, ఏ గుర్తు కనపడితే మళ్ల ఉరకొచ్చో మీకు అర్థమయ్యే మాటల్ల చెప్పాలె. "మీ నడుము జరిగింది", "ఒక కాలు పొట్టిగున్నది" అని భయపెట్టి పంపేటోళ్ల దగ్గర బయటికొచ్చినంక నడిచే తీరు కూడ మారిపోతది మనది.

మా అక్క కొడుకు

వాడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయితున్నడు. 2022 నోటిఫికేషన్ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల పెట్టిన్రు. ఆ సెకన్ల కోసం సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ల తెల్లారకముందే పిల్లలు గుంపులు గుంపులుగ ఉరుకుతుంటరు, సగం మందికి అరిగిన కాన్వాస్ బూట్లే.

"చిన్నమ్మా, నీకున్నదే నాకూ వచ్చింది" అన్నడు ఒకనాడు కాలు చూపించుకుంట. అప్పటికి నాకు తగ్గింది కదా, పెద్ద డాక్టర్నయిపోయిన. నా వ్యాయామాల కాయితం వాడికి ఫోన్ల పంపిన. రెండు వారాలు చేసిండు, ఉరుకుడు ఆపలేదు. కుంటుడు మొదలైంది. ఎక్స్‌రే తీస్తే ఏం లేదన్నరు. అప్పుడు మా ఫిజియో దగ్గరికి తీసుకుపోయిన.

ఆమె వాడి కాలు ఎముక మీద వేలు మెల్లగ జరుపుకుంట వచ్చింది. ఒక్క జాగల వాడు కాలు గుంజుకున్నడు. పైన ఏం లేదు, కింద ఏం లేదు, రూపాయి బిళ్లంత జాగ. "రాత్రి సలుపుతున్నదా?" అంటే తల ఊపిండు. ఆమె వ్యాయామం ఇయ్యలేదు, మిషన్ పెట్టలేదు, ఫీజు తీసుకోలేదు. ఎముకల డాక్టర్‌కు ఒక చీటీ రాసి, "ఎమ్మారై తీసేదాక నేను ముట్టుకోను, వీడు ఉరకొద్దు" అన్నది. వాడికి మస్తు కోపం వచ్చింది. దారిపొడుగునా బండి మీద నాతోని మాట్లాడలేదు.

ఎమ్మారైల పగులు కనపడ్డది. ఎనిమిది వారాలు ఉరుకుడు బంద్ అన్నడు డాక్టర్. ఆ తర్వాత మళ్ల ఆ ఫిజియో దగ్గరికే పోయిండు: ముందు అరగంట నొప్పి లేకుండ నడువుడు, తర్వాత ఒక నిమిషం ఉరికి రెండు నిమిషాలు నడువుడు, అట్ల పదిసార్లు, రోజు విడిచి రోజు.

అందుకే నాకు తగ్గిన కాయితం మీకు పంపమని అడగకండి. ఇద్దరిదీ కాలే, ఇద్దరిదీ అదే ఎముక.

ఆడోళ్లకు ఇంకో మాట

నెలసరి గురించి ఫిజియో అడిగిందని చెప్పిన కదా. నేను మొదట ఇదేం ప్రశ్న అనుకున్న. ఎక్కువ ఉరికి, తక్కువ తింటే ఒంటికి చాలక నెలసరి ఆగుతది, ఎముక బలం తగ్గుతది. మూడు నెలలు రాకపోయినా, ఒకసారి పగులు మానినంక మళ్ల ఇంకోచోట వచ్చినా వెతకాల్సింది ఫిజియోను కాదు. గైనిక్ డాక్టర్ కావాలె, రక్తపరీక్షలు కావాలె, విటమిన్ డి చూడాలె, తిండి లెక్క చూసే డైటీషియన్ కావాలె. హాస్టల్ అన్నం తిని రెండు పూటలా ఉరికే పిల్లలకు ఇది ముఖ్యం. మా స్కూల్ల పదో తరగతి పిల్లలు పర్వతగిరి మండలం కల్లెడ నుంచి పోయి పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల కంచు పతకం తెచ్చిన జీవంజి దీప్తి పేరు చెప్పుకొని ఉరుకుతరు. పొద్దున ఏం తిన్నవే అంటే చాయ్ అంటరు.

మగ ఫిజియో దగ్గర తొంటి, తొడ చూపించుకోనీకి ఇబ్బంది అయితే ఫోన్ల ముందే చెప్పండి. ఆడ ఫిజియోలు మస్తుమంది ఉన్నరు ఇప్పుడు. లేకుంటే మీ మనిషిని పక్కన కూసోబెట్టుకోండి. ఒకరు ఇబ్బంది పడి నొచ్చే జాగ కంటే కింద చూపించి, ఆ కింది జాగకే వారం వైద్యం చేయించుకున్నరు. ఎవరో చెప్పను, మా స్టాఫ్ రూమే.

ఎన్ని రోజులు చూడాలె

నాలుగు నుంచి ఆరు వారాలు చెప్పింది చెప్పినట్టు చేస్తే ఏదో ఒక అంకె మారాలె. నొప్పి లేకుండ నడిచే నిమిషాలో, మడమ లేపే లెక్కో, పొద్దున మొదటి అడుగుల నొప్పో. అన్నీ మొదటి రోజు లెక్కనే ఉంటే అదే ఫిజియోను అడగండి, "ఏం తప్పిపోయింది?" అని. మంచోళ్లు మొదటినుంచి మళ్ల చూస్తరు, లేకుంటే డాక్టర్ దగ్గరికి పంపుతరు. కోపానికి వచ్చేటోళ్లను విడిచి పెట్టండి. విడిచినప్పుడు కాయితాలు అడిగి తీసుకోండి, కొత్తామె మళ్ల మొదటినుంచి అడుగుడు తప్పుతది.

వ్యాయామం చెయ్యకుండ "వాళ్ల దగ్గర తగ్గలేదు" అనుడు మాత్రం నడవదు. నేను మొదటి పది రోజుల్ల నాలుగు రోజులు ఎగ్గొట్టిన. ఆ తర్వాత మడమ లేపిస్తే తొమ్మిది కాస్త పదకొండు అయింది, అంతే. ఆమె ఏమనలేదు, కాయితం మీద 11 అని రాసింది. అప్పటినుంచి స్కూల్ల ఇంటర్వెల్‌కు వరండా మెట్టు మీద నిలబడి చేసిన. ఆరో తరగతి పిల్లలు చుట్టూ చేరి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటరు. మొన్న కుడికాలుకు 24 అయినయి. వాళ్లు 25 అన్నరు, మళ్ల లెక్కపెట్టిచ్చిన, 24.